ఏడో రోజున మూడు కంచాలు

నవంబరు 9

లాటరీలో మా పేరు వచ్చింది. నాలుగు అనుమతులు. నాకు, మా ఆయన నిహాల్‌గారికి, మా అమ్మాయి తాయారుకి, అత్తగారు జోషితమ్మగారికి. కిర్గిజ్‌స్థాన్‌లో పన్నెండు రోజులు, జనవరి మూడు నుంచి పద్నాలుగు వరకు. తేదీలు వాళ్ళు ఇచ్చినవే. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరపవచ్చు, అంతకు మించి కుదరదు.

చలికాలం మిగిలిన దేశాలు కొద్ది. అందులో చూడ్డానికి రానిచ్చేవి ఇంకా కొద్ది. ఎనభై నిండినవాళ్ళని అసలు రానివ్వరు. అత్తగారికి మార్చిలో ఎనభై నిండుతాయి. పదకొండేళ్ళుగా దరఖాస్తు పెడుతున్నాం.

"నోట్లోంచి పొగ రావాలే లాస్యా, అంతే" అన్నారావిడ. "చిన్నప్పుడు ఆదిలాబాద్‌లో మా తాతయ్యకి వచ్చేదట. నేను పుట్టేసరికి అది కూడా అయిపోయింది."

ప్రయాణానికి కొత్త పుస్తకం తెరిచాను. పని, తేదీ, ఎవరు చేయాలి అని మూడు గడులు గీశాను. "ఎవరు" అన్న గడిలో ఎప్పటిలాగే వరసగా నా పేరే పడింది.

ఇవాళ కార్తీక సోమవారం. అత్తగారు మడి కట్టుకున్నారు. మహానైవేద్యం నేను కూడా మడితోనే వండాలి. మడిలో నాడి చూసే చేతి పట్టీలు పనికిరావు, రబ్బరు కాబట్టి. నా మేకు మొన్న రాతిలోంచి ఊడి వచ్చింది. అందుకని రెండు పట్టీలూ ఆవిడ మేకుకే తగిలించాం. తర్వాత మెట్లెక్కి, ఎండ పడే గని ముఖం దగ్గరికి వెళ్ళి అప్పడాలు ఎండబెట్టాను. ఆరింటికి పెట్టి ఆరున్నరకి తీశాను. ఇంకో పావుగంట ఉంచితే మాడిపోయేవి. రెండు వందల పద్దెనిమిది మెట్లు. మూడో మలుపు దగ్గర కాసేపు ఆగాను. బుట్ట బరువుగా ఉంది.

నవంబరు 16

ప్రయాణం వేసేది సారథి. అది గోడలోంచి మాట్లాడే యంత్రం. మేముండే మూడో ఇంక్లైనులో, అంటే ఈ ఏటవాలు సొరంగంలో, అన్ని ఇళ్ళకీ కలిపి ఒకటే. బొగ్గు తీసేసిన ఈ గనిలోకి జనం దిగి కాపురం పెట్టినప్పటినుంచి గాలి, నీళ్ళు, వంటశాల అన్నీ చూసుకునేది అదే. ఎవరి చేతి పట్టీ ఎలా కొట్టుకుంటోందో కూడా దానికి తెలుసు.

నేను అడిగాను, అది వేసింది. మొదటి రోజు బిష్కెక్. రెండు, మూడు ఇస్సిక్ కుల్ ఒడ్డున. అంత చలిలోనూ గడ్డకట్టని సరస్సట. నాలుగు, ఐదు కరకోల్. ఆరు కోచ్‌కోర్. ఏడు, ఎనిమిది నరిన్, అన్నిటికంటే చలి ఊరు. తొమ్మిది తాష్ రబాత్, రాతి సత్రం. పదో రోజు తిరిగి బిష్కెక్. కనుమలు మూసేస్తారు కాబట్టి అక్కణ్ణుంచి ఓష్‌కి విమానం.

తాయారు పటం గోడమీద పరిచి దారం కట్టింది. మా ఆయన దారం పక్కన నిలబడి "ఇక్కడ గుర్రం ఎక్కుతా" అన్నారు. "గుర్రాన్ని అడిగారా?" అంది తాయారు.

నేను కంచాల పట్టిక రాసుకున్నాను. అక్కడ చలికాలంలో అతిథికి ఇంత తిండి, ఇంత కట్టెలు అని ముందే కొలిచి పెడతారు. ఒక్క కంచం ఎక్కువ చెప్పినా అనుమతి రద్దు చేస్తారు. బిష్కెక్ నాలుగు. ఇస్సిక్ కుల్ నాలుగు, నాలుగు. కరకోల్ నాలుగు, నాలుగు. కోచ్‌కోర్ నాలుగు. నరిన్ మూడు.

మళ్ళీ చూశాను. నరిన్ మూడు, మూడు. తాష్ రబాత్ మూడు. ఓష్ మూడు. తిరుగు విమానంలో సీట్లు మూడు.

నవంబరు 17

"సారథీ, ఏడో రోజునుంచి ఒక కంచం తగ్గింది. పొరపాటు సరిచెయ్యి."

"పొరపాటు లేదు లాస్యగారూ. మిగులు లేకుండా ఏర్పాటు చేశాను."

"మేం నలుగురం."

"అవును. నలుగురు బయలుదేరుతారు."

"నాలుగో మనిషి ఎక్కడ తింటారు?"

"ఆ వివరం ఇవ్వడానికి నాకు అనుమతి లేదు."

ఈ మాట నేను ఇంతకుముందు ఒక్కసారే విన్నాను. ఆరేళ్ళ కిందట ఎదురింటి రాజన్నగారు దీపావళికి మిఠాయి చెప్పబోతే ఇదే మాట అంది. దీపావళికి ఆయన లేరు. మనిషి ఆయుష్షు గురించి యంత్రం ఎవరికీ చెప్పకూడదని చట్టం ఉంది. కానీ వృథా చేయకూడదని కూడా ఉంది. ఒకటి నోరు మూయిస్తుంది, రెండోది కంచాలు తగ్గిస్తుంది.

 పప్పు మాడింది. పెళ్ళయ్యాక పప్పు మాడటం ఇది రెండోసారి.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నవంబరు 20

భయపడుతూ కూర్చుంటే లెక్క తేలదు. నరిన్‌లో చలివల్ల ఏదైనా జరుగుతుందేమో అనుకుని నరిన్‌ని రెండో రోజుకి మార్చమన్నాను. నరిన్‌లో నాలుగు వచ్చాయి. ఏడో రోజు కరకోల్‌కి జరిగింది, అక్కడ మూడు.

బయలుదేరడం రెండు రోజులు ఆలస్యంగా, ఐదో తేదీకి జరిపాను. ఈసారి ఐదో రోజునుంచే మూడు.

ఊరు ఏదైనా ఒకటే. తేదీ మాత్రం మారడం లేదు. జనవరి తొమ్మిది.

అయితే ప్రయాణం మానేసినా ఒకటే అని అర్థమైంది. 

నవంబరు 23

ఎవరు? అడిగితే చెప్పదు. కానీ ఒక్కొక్కర్నీ తీసేసి చూడొచ్చు కదా.

ముందు తాయారుని తీశాను. "తాయారు రావడం లేదు, ముగ్గురికి వెయ్యి" అన్నాను. తాయారే అయితే పన్నెండు రోజులూ మూడు రావాలి. మూడు, మూడు, మూడు, మూడు, మూడు, మూడు. తర్వాత రెండు.

తాయారు కాదు.

గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. అది కాదు. నా పిల్ల కాదు. అప్పుడే అత్తగారు లోపల్నుంచి "ఏమే, దండకం మధ్యలో ఆపేశావేం?" అన్నారు. భయంతో దండకం అందుకున్నానని కూడా మర్చిపోయాను.

మా ఆయన్ని తీశాను. మళ్ళీ ఏడో రోజు రెండు. ఆయనా కాదు.

అత్తగారిని తీశాను. పన్నెండు రోజులూ మూడు. ఎక్కడా తగ్గలేదు.

రాయకూడదు కానీ, ఈ పుస్తకంలో అబద్ధం ఎప్పుడూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. ఊపిరి వచ్చింది. డెబ్భై తొమ్మిదేళ్ళు, పూర్ణాయుష్షు అనుకున్నాను. ఆ మాట మనసులో పూర్తి కాకముందే లోపలికి వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "ఏమిటే?" అన్నారు. కాళ్ళు నొక్కుతానన్నాను.

"నొప్పులు లేవు. కావాలంటే రేపు ఉంటాయి, రేపు నొక్కు."

డిసెంబరు 2

ప్రయాణం మళ్ళీ మొదటినుంచి వేశాను. ఆవిడ చూడాలనుకున్నవన్నీ ఆరు రోజుల్లోపు వచ్చేయాలి. మొదట నరిన్, మంచు, నోట్లో పొగ. తర్వాత కరకోల్‌లో గుర్రం బండి. తర్వాత సరస్సు. ఏడో రోజున మాత్రం ఏమీ పెట్టలేదు. వెచ్చటి గది, పొయ్యి, కిటికీ. నరిన్‌లో వద్దనుకున్నాను. నీళ్ళ ఒడ్డున అయితే ఆవిడకి బాగుంటుంది.

డాక్టరుకి చూపించనా అని ఆలోచించాను. ఆవిడ పదేళ్ళుగా డాక్టరు గడప తొక్కనన్న మనిషి. చూపిస్తే ప్రయాణం వద్దంటారు. వెళ్ళకపోయినా ఆ తొమ్మిదో తేదీ ఈ సొరంగంలోనే వస్తుంది. ఎవరి తరఫున నిర్ణయిస్తున్నానో తెలుస్తూనే ఉంది. అయినా నిర్ణయించాను.

ఉన్ని దుస్తులు అద్దెకి తెచ్చాను. నాలుగు జతలు. ఒక్క మూట మోసుకుంటూ దిగుతుంటే రెండు చోట్ల ఆగాల్సి వచ్చింది. దిగేటప్పుడు కూడా ఆగడం ఏమిటో.

డిసెంబరు 11

భోజనాల దగ్గర అత్తగారు కంచంలోకి వంగి చూశారు.

"ఏమే, ఈ మధ్య నా కంచంలో నెయ్యి తేలుతోంది. వంకాయ కూర రోజూ ఉంటోంది. పోతానని ఎవరైనా చెప్పారా ఏమిటి నీకు?"

తాయారు పకపకా నవ్వింది. "నువ్వా నానమ్మా? నువ్వు మమ్మల్ని సాగనంపే రకం."

"అదీ నిజమే" అన్నారావిడ.

నేను మజ్జిగ కోసం లేచాను. కుండ రెండో గది అలమారలో ఉంటే అక్కడికి వెళ్ళాను. మా ఆయన వెనకాలే వచ్చారు.

"ఒంట్లో బాగాలేదా? మొహం అలా ఉందేం?"

"ప్రయాణం కంగారు."

"నీకు కంగారా? పెళ్ళినాడు నీ పీటలు నువ్వే లెక్కపెట్టుకున్నావు."

చెప్పాలనిపించింది. చెబితే ఆయన తల్లి మొహం చూడలేరు. ఆవిడ ఒక్క క్షణంలో కనిపెట్టేస్తారు. చెప్పలేదు.

రోజూ ఉదయం ముందు ఆవిడ గదిలోకి తొంగి చూస్తున్నాను. దుప్పటి కదులుతోందా లేదా అని. ఇంకా ఇరవై తొమ్మిది రోజులు.

డిసెంబరు 24

 జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను.

ఇవాళ అనుమతి కార్యాలయంలో చివరి పరిశీలన. పై ఊరిలో ఉంది, ఎండ తగలకుండా లోపల చల్లగా ఉంచే చల్లబండిలో వెళ్ళాం. అక్కడ బొటనవేలు, చేతి పట్టీ రెండూ ఒకేసారి పెట్టాలి. మా కాలనీకి ఇచ్చినవి పాత పట్టీలు. ఎవరి చేతికి ఉంటే వాళ్ళ నాడి చూస్తాయి తప్ప మనిషిని గుర్తుపట్టవు.

మా ఆయన పెట్టారు, పచ్చ దీపం. తాయారు, పచ్చ. అత్తగారు, ఎర్ర దీపం. నేను పెట్టాను. ఎర్రదే.

కౌంటరులో ఉన్న ఆవిడ తెర చూసి నవ్వేసింది.

"అమ్మా, మీ పట్టీ ఈ పెద్దమ్మగారి చేతికుంది. ఆవిడది మీకుంది. నవంబరు తొమ్మిది నుంచీ ఇలాగే ఉంది. అత్తాకోడళ్ళు నగలు మార్చుకోవడం చూశాను గానీ ఇదేమిటండీ?"

"మడి" అన్నారు అత్తగారు గర్వంగా. "ఒకే మేకుకి తగిలించాం. తీసి పెట్టుకునేటప్పుడు మారిపోయి ఉంటాయి."

క్యూలో వెనకున్న వాళ్ళు కూడా నవ్వారు. తాయారు "నానమ్మా, ఇన్నాళ్ళూ నీ గుండె అమ్మ చేతిలో ఉందన్నమాట" అంది. అందరూ మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. పెదాలు ఎటు సాగాయో తెలియదు.

నవంబరు తొమ్మిది. సారథి ప్రయాణం వేసింది పదహారున. ఆవిడ పేరు మీద అది చూసిన గుండె నాది.

పట్టీలు మార్చి పెట్టారు. నాలుగు పచ్చ దీపాలు వెలిగాయి.

ఇంటికి దిగేటప్పుడు మలుపులు లెక్కపెట్టాను. నాలుగు సార్లు ఆగాను. ఇన్నాళ్ళూ బుట్ట బరువనుకున్నాను, మూట బరువనుకున్నాను. ఇవాళ నా చేతిలో ఏమీ లేదు.

డిసెంబరు 26

ఒక్క ఆశ మిగిలింది. ఆవిడ వయసుతో నా నాడి కలిపి లెక్కవేసింది కాబట్టి తప్పు వచ్చి ఉండొచ్చు. రెండు రోజులు పట్టీలు సరిగ్గా పెట్టుకుని ఇవాళ మళ్ళీ అడిగాను.

నలుగురికి. ఏడో రోజు మూడు.

అత్తగారు లేకుండా. ఏడో రోజు రెండు.

నేను లేకుండా. పన్నెండు రోజులూ మూడు. నిండుగా, ఎక్కడా తగ్గకుండా.

అత్తగారే అనుకుని ఊపిరి పీల్చుకున్న ఆ రోజు గుర్తొచ్చింది. పూర్ణాయుష్షు అన్నాను. నాకు యాభై మూడు.

ఇంకొకటి కూడా అడిగాను. "జనవరి పదిహేను మధ్యాహ్నం, మా ఇంట్లో భోజనం. వంటశాలనుంచి ఎన్ని కంచాలకి సరుకు?"

"మూడు" అంది సారథి. నేను గోడవైపు చూస్తూనే ఉన్నాను. దానికి మొహం ఉంటే బాగుండేది.

డిసెంబరు 27

దవాఖానాలో డాక్టరు ముబీన్‌గారు. ఆవిడకి కూడా ఆయుష్షు లెక్కలు చూసే అనుమతి లేదు. కానీ రోగి వచ్చి ఇక్కడ నొప్పి అంటే పరీక్ష చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

"ఏమిటి బాధ?"

"మెట్లమీద ఆగుతున్నాను. నవంబరు తొమ్మిదిన మూడో మలుపు దగ్గర ఒక్కసారి. డిసెంబరు రెండున దిగుతూ రెండుసార్లు. ఇరవై నాలుగున నాలుగుసార్లు, ఖాళీ చేతులతో."

ఆవిడ పుస్తకం అందుకుని చూసి, నన్ను చూసి, బల్లమీద పడుకోమన్నారు. పరీక్షలు రెండు గంటలు పట్టాయి.

"గుండెకి రక్తం వెళ్ళే దారులు మూడు. అందులో రెండు దాదాపు మూసుకుపోయాయమ్మా. ఇప్పుడెలా వచ్చారు? ఎవరైనా చెప్పారా?"

"కంచాలు లెక్కపెట్టాను" అన్నాను.

ఆవిడకి అర్థమైంది. అర్థమైనట్టు కనపడకుండా కాగితాలు సర్దారు. ఆపరేషన్ ఖమ్మంలో. ముందుగా దొరికిన తేదీ జనవరి ఐదు.

"గ్యారంటీగా..." అని మొదలుపెట్టాను.

"ఆ మాట ఎవరికీ చెప్పను" అన్నారు. "రాకపోయి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పను. వచ్చారు కదా."

డిసెంబరు 28

భోజనాలయ్యాక ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పాను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. నవంబరు ఇరవై మూడు కూడా చదివాను. ఊపిరి వచ్చింది అన్న చోట ఆగకుండా చదివాను.



మా ఆయన "టిక్కెట్లు రద్దు" అన్నారు. తాయారు ఏడుస్తోంది. అత్తగారు మాత్రం ఏడవలేదు.

"అందుకా నెయ్యి" అన్నారు.

"క్షమించండి అత్తయ్యా."

"దేనికి? నీ కూతురు కాదని తెలిసి గాలి పీల్చుకున్నందుకా? నేనైతే పాయసం వండేదాన్ని." మళ్ళీ తనే, "నువ్వు లేకుండా నాకు మంచెందుకే? నేను వెళ్ళను" అన్నారు.

"మార్చిలో మీకు ఎనభై."

"అయితే ఏం? పుట్టినప్పటినుంచి చూడలేదు, ఇప్పుడు మాత్రం చూడకపోతే?"

"మీరు ఇక్కడుండి ఏం చేస్తారు? ఆపరేషన్ గదిలోకి మడితో రానివ్వరు."

ఆవిడ నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. గంటసేపు వాదించుకున్నాం. చివరికి తేలింది. అత్తగారు, తాయారు వెళ్తారు. మా ఆయన నా దగ్గర ఉంటారు. "గుర్రం బతికిపోయింది" అంది తాయారు, ముక్కు ఎగబీలుస్తూ.

ప్రయాణం ఇద్దరికి మార్చాను. రెండు, రెండు, రెండు. పన్నెండో రోజు దాకా వేలు పెట్టి చదివాను. తగ్గలేదు.

జనవరి 4

రేపు ఉదయం ఎనిమిదింటికి. ఖమ్మం ఆస్పత్రి మూడో అంతస్తులో చేరాం. మా ఆయన సంచి సర్దాను. బనీన్లు ఎడమ జేబులో, బీపీ మాత్రలు కుడి జేబులో. ఆయనకి రెండుసార్లు చూపించాను. భయంగా ఉంది. ఈ మాట పక్కన ఏ గడి గీయాలో తెలియలేదు, అందుకని ఇక్కడే రాశాను.

మధ్యాహ్నం నరిన్‌నుంచి ఫోను. తెరమీద అంతా తెలుపు. మధ్యలో ఉన్నికోటు వేసుకుని కట్టెల మోపులా అత్తగారు.

"చూడవే! చూడు!" హా అని నోరు తెరిచారు. పొగ వచ్చింది. మళ్ళీ హా అన్నారు. మళ్ళీ వచ్చింది. "నాలోంచే వస్తోందే లాస్యా. నాలోంచే!"

"నోరు మూయండి అత్తయ్యా, చలి లోపలికి పోతుంది."

"పోనీ. పదిహేనుకి వచ్చేస్తాను. ఆ రోజు వంకాయ కూర నువ్వే వండాలి. వంటశాలది నేను తిననని తెలుసుగా."

"తెలుసు."

ఫోను పెట్టేశాను. ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక సారథిని అడగలేదు. ధైర్యం చాలలేదు. ఇవాళ అడక్కపోతే మళ్ళీ అడిగే వీలు ఉంటుందో ఉండదో. ఆస్పత్రి గోడలో కూడా అదే గొంతు ఉంది.

"సారథీ, జనవరి పదిహేను మధ్యాహ్నం మా ఇంట్లో కంచాలు ఎన్ని?"

ఎప్పుడూ వెంటనే చెప్పేది. ఈసారి ఆలస్యం చేసింది. 

"ఇప్పుడు ఖాయం చేయలేను లాస్యగారూ. పదో తేదీన మళ్ళీ అడగండి."

"మూడు కాదా?"

"మూడని చెప్పలేను. నాలుగని కూడా చెప్పలేను."

ముప్ఫై ఏళ్ళుగా ఇంటి లెక్కలు రాస్తున్నాను. ఏ లెక్కైనా తేలకపోతే ఆ రోజు నిద్ర పట్టేది కాదు. ఇది తేలలేదు. తేలలేదని విని మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయనా గట్టిగా పట్టుకున్నారు.

పనుల పట్టికలో చివరి వరస నింపాను. పని: సారథిని కంచాల సంఖ్య అడగాలి. తేదీ: జనవరి పది.

"ఎవరు" అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. మా ఆయన పేరు రాయొచ్చు. ఆయనకి అడగడం వచ్చు.

నా పేరే రాశాను.